ఎడమ కన్ను ముప్పై ఒకటి

స్వాతి కార్తె, ఒకటో రోజు. మావాళ్ళు నేల కిందికి దిగాక ఎనభై మూడో యేడు.

కుడి కంటికి శుక్లం ఆపరేషను అయి పన్నెండు రోజులు. డాక్టరు రుబీనా పెట్టిన గడువు నిన్నటితో తీరింది కాబట్టి ఇవాళ మళ్ళీ కొలతకు కూర్చున్నాను. ఎండ నడినెత్తికి వచ్చే వేళకు హైతమ్ అద్దం ఎదుటికి బల్ల లాక్కుని, దీపం ముట్టించి, వత్తి సరిచేసి, నూనె చుక్క కాగితాన్ని పట్టా మీద నిలబెట్టాను. ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పని. చేతులు వాటంతటవే చేసుకుపోతాయి.

ఆపరేషను బల్ల మీద పడుకోబెట్టి ఆ డాక్టరమ్మ అడిగింది, "మీరేం పని చేస్తారు పెద్దాయనా?" అని. ఆమెది తూర్పు గని, అక్కడ వాళ్ళకు కరెంటు దీపాలున్నాయి, మా అడుగుపేట సంగతి ఆమెకేం తెలుసు? చెప్పాను. పైన నేల మీద ఒక పెద్ద అద్దం ఉంటుంది. అది ఎండను బావిలోకి దింపుతుంది. బావి అడుగున హైతమ్ అద్దం దాన్ని అందుకుని వాడవాడకూ, మడిమడికీ పంచుతుంది. ఆ వెలుగు ఎంతుందో కొలవడం నా పని. తెల్ల కాగితం మధ్యలో ఒక నూనె చుక్క. కాగితానికి ఇటు దీపం, అటు అద్దం వెలుగు. రెండూ సమానమైన చోట చుక్క మాయమవుతుంది. అక్కడ పట్టా మీద ఎన్నో గీత ఉందో చూసి రాయాలి. గీత అంకె ఎంత పెద్దదైతే వెలుగు అంత ఎక్కువ. "ఇంతేనా?" అని నవ్విందామె. ఇంతేనమ్మా, ఈ ఇంత మీదే మా ఊరు నడుస్తోంది అన్నాను. కన్ను కోయించుకుంటూ కూడా ఎంత గర్వమో నాకు!

ఇవాళ చుక్క నలభై రెండో గీత మీద మాయమైంది.

నలభై రెండా! ఆ గీత చూసి ఆరేళ్ళయింది. ఆపరేషనుకు ముందు రోజు నేను రాసింది ముప్పై ఒకటి. వత్తి కుంగిందేమోనని చూశాను, కుంగలేదు. కాగితం మార్చాను. మళ్ళీ నలభై రెండే. అప్పుడు ఎందుకు తోచిందో ఏమో, కుడి కన్ను చేత్తో మూసి, ఇంకా ఆపరేషను కాని ఎడమ కంటితో చూశాను. చుక్క కనబడుతూనే ఉంది. కాగితాన్ని జరుపుకుంటూ పోతే ముప్పై ఒకటి దగ్గర మాయమైంది.

అదే దీపం, అదే కాగితం, అదే ఎండ. ఏడుసార్లు చూశాను. కుడి కన్ను నలభై రెండు, ఎడమ కన్ను ముప్పై ఒకటి. ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే కనకవ్వ గుర్తొచ్చింది.

కనకవ్వ హైతమ్ అద్దాన్ని తుడిచే మనిషి. ఇప్పుడు కాదు, ఐదు నెలల కిందటి దాకా. వాళ్ళ అమ్మమ్మ, అమ్మ, తర్వాత ఆమె, మూడు తరాలు ఆ అద్దం వాళ్ళ చేతుల్లోనే ఉంది. నా కొలత ఏటికేడు దిగుతూ వచ్చింది. అన్ని వాడల్లోనూ ఒకేలా దిగుతోంది కాబట్టి తప్పు అన్నిటికీ ముందున్న అద్దంలో ఉందని చెప్పింది నేను. మడులకు వెలుగు చాలదని మూడేళ్ళ కిందట మూడు వాడలకు వెలుగు తలుపులు మూయించింది నేను. రోహిణి కార్తెలో నలుగురి ముందూ ఆమె చేతిలోంచి తుడుపుగుడ్డ తీసుకుని వీరేశం చేతికి ఇప్పించింది కూడా నేనే.

కొలతల బుక్కులో నలభై రెండు అని రాశాను. పక్కన 'కారణం' అని ఒక గడి ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలేసి ఇంటికొచ్చాను.

స్వాతి, రెండో రోజు.

పొద్దున ఈశ్వరమ్మ తలంటుకుని వచ్చి చాయ్ ఇచ్చింది. మెరిసిపోతున్న నీలం చీర కట్టుకుంది. "కొత్త చీరా?" అని అడిగాను.

"ఏం కొత్త? రెండేండ్లసంది కడుతున్న. నువ్వే గదా, ఆ నల్ల చీర ఇడువవే, దయ్యమోలె ఉన్నవని కసురుకుంటివి. ముసలోనికి పరాచికాలు ఎక్కువైనయనుకున్న."

చాయ్ చేతిలోనే చల్లారిపోయింది. ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ధోవతులు పసుపెక్కుతున్నాయని, నీలిమందు ఇంకా పెట్టు, ఇంకా పెట్టు అని ఆమె ప్రాణం తీశాను. చివరికి నాకు తెల్లగా కనబడిన ధోవతి అసలు ఆకాశం రంగులో ఉందట. రెండేళ్ళు ఊరి మధ్య నీలం ధోవతి కట్టుకుని తిరిగాను. పిల్లలు నవ్వుతుంటే ఊరికి కొలత చెప్పే పెద్దకన్ను అంటే భయం లేదని వాళ్ళ మీద అరిచాను.

డాక్టరమ్మ నా కంట్లోంచి తీసిన బిళ్ళను చిన్న సీసాలో వేసి ఇచ్చింది. ఇవాళ దాన్ని వెలుగులో పెట్టి చూశాను. బెల్లం పాకం రంగు. ఎడమ కంట్లో ఇంకా అలాంటిదే ఉంది. దీపం వెలుగు పుట్టుకతోనే పసుపు, దాన్ని ఈ బిళ్ళ పెద్దగా ఆపలేదు. ఎండలోని నీలాన్ని మాత్రం మింగేసింది. అందుకే నా కంటికి ఎండ దీపం ముందు ఏటికేడు ఓడిపోతూ వచ్చింది.

మడుల్లో పనిచేసేవాళ్ళు రెండేళ్ళుగా మొత్తుకుంటున్నారు, వెలుగు ఎక్కువై తోటకూర అంచులు మాడుతున్నాయని. పురుగు పట్టిందని చెప్పి పంపాను. ముప్పై ఒకటి ఉన్నప్పుడు ఆకు ఎలా మాడుతుంది అని వాళ్ళనే ఎదురడిగాను. గురివింద గింజ తన కింద నలుపు ఎరగదంటారు. నేను నా కంట్లో పసుపు ఎరగలేదు.

స్వాతి, నాలుగో రోజు.

సర్పంచి జలంధర్ పరుగున వచ్చాడు. వరసకు నాకు మేనల్లుడు. మంచివాడే, కానీ గొడవ వస్తుందంటే గోడ చాటుకు పోయే రకం.

"మామా, నాలుగు దినాలసంది నలభై రెండంట గద! వీరేశం చెయ్యి పడంగనే అద్దం ఎట్ల తెల్లబడ్డదో చూడు. నువ్వు చెప్పిందే నిజమాయె. కనకవ్వ పని ఎగ్గొట్టింది, అంతే."

"ఐదు నెలలసంది వీరేశమే తుడుస్తున్నడు గద. చిత్తల గూడ ముప్పై ఒకటే ఉండె" అన్నాను. అక్కడిదాకా వచ్చింది నా నోరు.

"ఆరేండ్ల జిడ్డు మామా! వదలాలె గదా!" అన్నాడు. తర్వాత విశాఖ కార్తె మొదటి రోజున ముచ్చట వినడానికి అందరూ చేరినప్పుడు మూడు వాడల తలుపులు తెరుద్దామనీ, నాకు దండ వేస్తామనీ చెప్పి, నా భుజం తట్టి వెళ్ళిపోయాడు.

ఆగరా, అసలు సంగతి వినరా అని పిలవాల్సింది. పిలవలేదు. ఊళ్ళో అప్పుడే మాట పాకిపోయింది. సాయంత్రం నీళ్ళ దగ్గర ఎవరో అంటున్నారు, మూడు తరాల పని, మూడో తరం ముంచిందని. ఆమె తప్పు చేసిందని మొన్నటిదాకా నా మాట ఒక్కటే చెప్పింది. ఇప్పుడు కొలతే సాక్ష్యం చెబుతోంది. ఆ సాక్ష్యం పుట్టించింది కూడా నేనే, నోరు మూసుకుని.

స్వాతి, ఆరో రోజు.

రోహిణి మొదటి రోజు జరిగింది రాయాలి. రాయకుండా తప్పించుకుని తిరుగుతున్నాను.

ప్రతి కార్తె మొదటి రోజున కొలత అయ్యాక ఊరు హైతమ్ అద్దం చుట్టూ చేరుతుంది. వెలుగు పెద్దల్లో ఒకరి ముచ్చట నేను చెప్పాలి. దిగిననాటి నుంచి ఉన్న కట్టుబాటు. వెలుగు కంట్లోంచి బయటికి పోదు, బయటి నుంచే కంట్లోకి వస్తుందని చీకటి గదిలో దీపాలు పెట్టి చూపిన హైతమ్, తన కంటికీ ఎముకకూ మధ్య మొద్దు సూది దూర్చి రంగుల వలయాలు చూసుకున్న న్యూటన్, ఓడ మీద పోతూ సముద్రానికి ఈ నీలం ఎక్కడిదని అడిగిన రామన్. వాడలకూ అద్దాలకూ వాళ్ళ పేర్లే. సముద్రం ఎరగని మా పిల్లలకు రామన్ ముచ్చటంటే ప్రాణం.

ఆ రోజు చెప్పింది డాల్టన్ ముచ్చట. ఆయనకు ఒక పువ్వు పగలు ఒక రంగులో, దీపం కింద ఇంకో రంగులో కనబడేది. మిగతావాళ్ళకు అలా మారదట. అయితే తప్పు పువ్వులో లేదు, నా కంట్లోనే ఉంది, లోపలి నీరు నీలంగా ఉందేమో, నేను చచ్చాక కోసి చూడండి అని చెప్పిపోయాడు. కోసి చూస్తే నీరు తేటగానే ఉంది. ఆయన అనుకున్న కారణం తప్పే కానీ, అనుమానించిన చోటు మాత్రం సరైనదే. ఈ మాట నేనే చెప్పాను, గొంతు పెంచి, చేతులు తిప్పుతూ. ఎంత బాగా చెప్పాననుకున్నానో!

ముచ్చట అయ్యాక వెనక నుంచి కనకవ్వ లేచింది. "మరి నీ కన్ను ఎవలు చూసిండ్రన్నా?" అంది.

అందరూ గొల్లున నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. "ముప్పై ఏండ్ల కన్ను ఇది. దీన్ని చూసేటోడు ఇంక పుట్టలే" అన్నాను. కళ్ళు నెత్తికెక్కడమంటే అదే.

ఆమె జంకలేదు. "నా అద్దం పాలోలె తెల్లగున్నది. నేను నీ కాగితం పెట్టి చూసిన, నా కంటికి నలభై రెండే వస్తున్నది."

"ఊరికి ఒకటే కన్ను. రెండో కన్ను లెక్కల రాదు" అన్నాను. అది నేను పెట్టిన కట్టుబాటు కాదు. దిగిన కొత్తలో ఒకడు నలభై అంటే ఒకడు నలభై రెండు అని, మా వాడకు తక్కువ పంచారని తలలు పగలగొట్టుకున్నారు. అందుకని ఒక్క మనిషి కన్నునే నమ్మాలని, ఆ మనిషిని పెద్దకన్ను అనాలని నిర్ణయించారు. మంచికే పెట్టారు. నేనే దాని చాటున దాక్కున్నాను.

అప్పుడు ఆమెకు ఒక దారి చూపించాను, ధర్మాత్ముడిలా. పైఅద్దం దగ్గర కొలత అరవై ఉండాలని దిగినవాళ్ళు రాసిపెట్టారు. ఇప్పుడు అక్కడ అరవై కంటే తగ్గితే చెడింది పైఅద్దం, నీ తప్పు లేదు. అరవయ్యే ఉంటే చెడింది నీ అద్దం. నేను ఎక్కలేను, నువ్వే చూసి రా అన్నాను.

మూడు వందల పన్నెండు మెట్లు. రోహిణి ఎండలో, నడి మధ్యాహ్నం. పైన అరగంటకు మించి మనిషి నిలవడు. కళ్ళకు నల్లద్దాలు లేకుండా తల ఎత్తకూడదు. కానీ నల్లద్దాలు పెట్టుకుంటే నూనె చుక్క కనబడదు. ఆ సంగతి నాకు తెలుసు. ఆమె వాటిని తీసేస్తుందని తెలుసు. చెప్పలేదు.

దిగి వచ్చేసరికి ఆమె మొహం కందిపోయింది, కళ్ళ నుంచి ధారలు కారుతున్నాయి. "ఎంత?" అన్నాను. "అరవై" అంది.

నేను ఊరి వైపు తిరిగి, విన్నారుగా, ఆమె నోటితో ఆమే చెప్పింది అన్నాను.

"పైన మంచిగున్నది, నా అద్దం మంచిగున్నది. మరి తప్పు ఏడున్నదన్నా?" అని అడిగిందామె.

"నీ చేతిల ఉన్నది" అన్నాను.

ఇది రాస్తుంటే ఇప్పుడు తడుతోంది. అడుగున ఆమె నలభై రెండు అంటే రెండో కన్ను అని తోసేశాను. పైన అరవై అంటే వెంటనే నమ్మాను. ఒకటే కన్ను, ఒకటే కాగితం. ఆమెను ముంచే అంకె అయితే నాకు ఆ కన్ను పనికొచ్చింది.

మూడు రోజుల తర్వాత తెలిసింది, ఆమె కళ్ళలో నడిమి చూపు పోయిందని. ఎదుట ఉన్నది మసక మచ్చలా, పక్కనున్నది మాత్రం కాస్త కనబడుతుందట. ఇక బాగుపడదని డాక్టరమ్మ చెప్పింది.

స్వాతి, ఎనిమిదో రోజు.

ధైర్యం చేసుకుని కనకవ్వ ఇంటికి వెళ్ళాను. ఆమె ఉండేది యంగ్ వాడలో, నేను మూయించిన మూడు వాడల్లో అదొకటి. మిట్టమధ్యాహ్నం గడపగడపకూ దీపాలు. పిల్లలు పాలిపోయి ఉన్నారు. మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఆ వాడలో అడుగుపెట్టలేదు నేను. పెట్టాల్సిన పనేముంది, అంకె నా చేతిలో ఉంటే?

ఆమె గిన్నెలు మూట కడుతోంది. విశాఖ మొదటి రోజున వచ్చే సొరంగం బండిలో తూర్పు గనికి, కూతురి దగ్గరికి వెళ్ళిపోతుందట. నా గొంతు విని తల పక్కకు తిప్పింది. కోపంతో అనుకున్నాను. కాదు, మనిషిని చూడాలంటే ఇప్పుడు ఆమె మొహం అటు తిప్పుకోవాలి.

"ఓదెలన్నా? కూసో. చాయ్ పెడ్త."

"వద్దు చెల్లె."

"ఎందుకొద్దు? నా చేతి చాయ్ గూడ పసుపు పడ్డదా ఏంది?" అని నవ్వింది. తడుముకుంటూ పొయ్యి వెలిగించింది. నేను లేచి సాయం చేయబోతే వద్దంది.

చాయ్ తాగాను. చెబుదామని మూడుసార్లు నోరు తెరిచాను. మొదటిసారి దగ్గాను. రెండోసారి బండి ఎన్ని గంటలకని అడిగాను. మూడోసారి ఆమే అడిగింది, "కన్ను మంచిగున్నదా?" అని.

"మంచిగున్నది."

"ఇప్పుడు తెల్ల ధోతి కడుతున్నవట. వాడకట్టంత అనుకుంటున్నరు" అంది.

ఆమెకు తెలుసు. నా ధోవతి నీలమైన నాటి నుంచే అనుమానం ఉండి ఉంటుంది, అందుకే ఆ రోజు ఆ ప్రశ్న అడిగింది. నేను చెబుతానా లేదా అని చూస్తోంది, మొహం పక్కకు తిప్పి. గ్లాసు కింద పెట్టి, పని ఉందని చెప్పి వచ్చేశాను. అరవై ఒక్క ఏళ్ళ మనిషిని, దొంగలా వచ్చేశాను.

స్వాతి, పదో రోజు.

ఈశ్వరమ్మకు చెప్పేశాను. అన్నం వడ్డిస్తూ విన్నది. గరిటె గిన్నెలో వేసి అరిచింది.

"నోరు బువ్వ తినేటందుకేనా నీకు? ఆ పిల్ల కండ్లు పాయె, పేరు పాయె. నీకేం పోతది? పెద్దకన్ను అన్న పిలుపే గద. పోతే పోనియ్యి! నేనైతే ఎన్నడు నిన్ను అట్ల పిలువలే."

తినకుండా లేచి జలంధర్ దగ్గరికి పోయి అంతా చెప్పాను. వాడి మొహం తెల్లబోయింది. తలుపు వేసి వచ్చి నా చేతులు పట్టుకున్నాడు.

"మామా, నీకు దండం పెడ్త, ఈ ముచ్చట ఈడనే పాతిపెట్టు. ఆరేండ్ల కొలత తప్పంటే రేపటిసంది ఏ కొలత నమ్ముతరు? మూడు వాడలోళ్ళు ఊరుకుంటరా? మళ్ళ తలలు పగులుతయి."

"మరి కనకవ్వ?"

"పోతున్నది గద. నాలుగు మంచి మాటలు చెప్పి పంపుదం. వాడల తలుపులు ఎట్లగూ తెరుస్తున్నం. అందరికి మంచే అయితున్నది, ఇంకేంది?"

ఇంటికొచ్చేశాను. అబద్ధం ఎందుకు, వాడు అలా అనగానే నాకు హాయిగా అనిపించింది. ఎవరో వచ్చి మోస్తున్న బరువు దించినట్టు. ఆ హాయి తలచుకుంటేనే ఇప్పుడు సిగ్గేస్తోంది.

స్వాతి, పన్నెండో రోజు.

ఏమీ చేయలేదు. కొలత నలభై రెండు.

విశాఖ కార్తె, ఒకటో రోజు.

ఊరంతా వచ్చింది. మూడు వాడలవాళ్ళు పిల్లలకు తలలు దువ్వి, మంచి బట్టలు వేసి తీసుకొచ్చారు. జలంధర్ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి దండ వేశాడు. వేస్తూ నా చెవిలో "మామా, యాదున్నది గద" అన్నాడు. వెనక, సొరంగం వైపు, కనకవ్వ మూట పక్కన పెట్టుకుని నిలబడి ఉంది. బండి ఇంకా రాలేదు.

వెలుగు అలలా సాగుతుందన్న హైగెన్స్ ముచ్చట చెప్పాల్సిన రోజు. లేచాను.

"ఇయ్యాల్టి వెలుగు పెద్ద పేరు కనకవ్వ" అన్నాను.

నవ్వులు. చనిపోయినవాళ్ళ ముచ్చటే చెప్పడం ఆచారం మరి. వెనక నుంచి ఆమె గొంతు, "నేను ఇంక సావలేదన్నా" అని. ఇంకా నవ్వారు.

నేను నవ్వలేదు. ముచ్చట చెప్పే పద్ధతిలోనే చెప్పాను, నాకు వచ్చింది అదొక్కటే. ఒక ఊళ్ళో ఒక అద్దం ఉండేది, అది తెల్లగా ఉందని ఒకామె చెప్పింది, అది పసుపని ఒక ముసలివాడు చెప్పాడు, ఊరు ముసలివాణ్ణి నమ్మింది అని మొదలుపెట్టాను. సీసాలోని బిళ్ళ చూపించాను. కుడి కన్ను, ఎడమ కన్ను, నీలం ధోవతి, మాడిన తోటకూర, అన్నీ చెప్పాను. నల్లద్దాల సంగతి చెప్పాను. అంకె తెలిసి కూడా పదమూడు రోజులు నోరు మూసుకున్నానని చెప్పాను. జలంధర్ మాటలు మాత్రం చెప్పలేదు. నోరు నాది, వాడిది కాదు.

ఎవరూ నమ్మలేదు ముందు. బల్ల లాగి, దీపం పెట్టి, వచ్చి చూడమన్నాను. కట్టుబాటు తెగినా సరే అన్నాను. తొమ్మిది మంది వచ్చి చూశారు. నలభై రెండు, నలభై ఒకటి, నలభై రెండు, నలభై మూడు. చివర నేను కుడి కన్ను మూసి, ఎడమ కంటితో ముప్పై ఒకటి దగ్గర కాగితం ఆపాను. వీరేశం వంగి చూసి, "చుక్క మంచిగ కనబడుతున్నది గద" అన్నాడు మెల్లగా.

తిడతారనుకున్నాను, కొడతారనుకున్నాను. యంగ్ వాడ ముసలమ్మ ఒకామె మనవరాలి చేయి పట్టుకుని నా ముందుకు వచ్చి నిలబడింది. "మూడేండ్లసంది ఈ పిల్ల పగటిపూట దీపం కింద ఆడుకున్నది ఓదెలూ" అంది. ఆ ఒక్క మాట అని వెళ్ళిపోయింది. నా మెడలో దండ ఇంకా ఉందని అప్పుడు చూసుకుని తీసేశాను. తిట్టినా బాగుండేది.

వీరేశం తుడుపుగుడ్డ తీసుకెళ్ళి కనకవ్వ చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని వేళ్ళతో నలిపి, వాసన చూసి, మడత పెట్టి తిరిగి ఇచ్చేసింది. "నువ్వే తుడువు తమ్మీ. నాకు నడిమిట్ల కనబడది. మంచిగ ఉతుకుతున్నవ్ గుడ్డను" అంది. వాడు ఏడ్చాడు.

ఈ ఊళ్ళోనే ఉండమని జలంధర్ బతిమాలాడు. ఇల్లు చూపిస్తామన్నాడు, ఆమె పేరు మళ్ళీ అద్దం మీద రాయిస్తామన్నాడు. కూతురు ఎదురుచూస్తుందని ఆమె మూట ఎత్తుకుంది.

బండి దాకా నేను వెంట నడిచాను. చెయ్యి పట్టుకుంటే వదిలించుకోలేదు. క్షమించమని అడగడానికి నోరు రాలేదు, ఆ మాట నా కంటికి చిన్నదిగా కనబడింది. రాత్రీ పగలూ నన్ను తొలిచేస్తున్న ఒక్కటి అడిగాను.

"చెల్లె, ఆ దినం పైన నువ్వు ఒక్కదానివే ఉంటివి. నేను ఎక్కలేను. ఆ ఎండల ఇంకోడు ఎక్కడు. పైన నలభై ఐదున్నదంటే అయిపోతుండె. తప్పు పైఅద్దం మీదికి పోతుండె. నీ అద్దం నీకే ఉంటుండె."

"అవు. అది నాకెర్కనే" అంది. "మూడుసార్లు చూసిన, నల్లద్దాలు తీసి. మూడుసార్లు అరవయ్యే. ఇది నన్నే ముంచుతదని ఆడనే సమజైంది. దిగేటప్పుడు ఒక్కొక్క మెట్టుకు అనుకున్న, నలభై ఐదని చెప్దామా అని. మూడు వందల మెట్లు అనుకుంటనే దిగిన."

"మరి?"

ఆమె ఆగింది. నన్ను చూడడానికి మొహం పక్కకు తిప్పుకుంది. నిజంగానే ఆమెకు అర్థం కానట్టుంది, నేనేం అడుగుతున్నానో.

"అరవై ఉంటే అరవై అనక ఏమంటరన్నా?" అంది.

బండి గంట కొట్టారు. ఆమె నా చేతిలోంచి చేయి తీసుకుని, కాలితో మెట్టు తడుముకుంటూ ఎక్కింది. మూట అందించి, తూలకుండా పట్టుకుందామని చేయి చాపాను. సరిగ్గా ఎదురుగా చాపాను కాబట్టి ఆమెకు కనబడలేదు.